మదనపల్లె చేంబర్లేన్ దొరగారు

చంద్రగిరి దుర్గమునకు దూరదేశీయుల రాక క్రొత్తది కాదు. అరవీటి వంశపు వేంకటపతిదేవరాయలు రాజ్యమేలుచుండగా, 1598వ సంవత్సరము మొదలుకొని, ఏసుసభకు చెందిన క్రైస్తవ గురువులు సముద్రతీరమునందలి మైలాపూరు నుండి ఇచ్చటికి వచ్చి రాజదర్శనము చేసికొనిరి. 1639లో ఆంగ్ల వర్తకులు చెన్నపట్టణపు ఇసుకనేల కొరకు ఈ రాజ్యపు నాయకుల అనుమతి నడిగిరి. ఒకరు మతబోధకు, మరియొకరు వ్యాపారమునకు పాలకుల అనుగ్రహమును కోరినవారే. రాజుల కాలము గడచిన రెండువందల యేండ్లకు, ఈ దుర్గమునకు పడమటగా, పీలేరు దాటి పోవు బాటలోనున్న మదనపల్లెకు మరియొక దూరదేశీయుడు వచ్చెను. ఆయనకు రాజసభతో పనిలేదు. సంతవీధిలో నిలిచి తన మాట వినిపించుటకు కొంత తావు దొరకిన చాలునని ఆయన కోరిక.

ఆయనయే జేకబ్ చేంబర్లేన్. ఆ కాలపు వాడుక ననుసరించి జనులు తెల్లవారిని పిలిచినట్లే ఆయనను గూడ దొరగారని పిలిచిరి. తనకు జన్మచేతను, చదువుచేతను, జాతిచేతను సంక్రమించిన హక్కులను ఆ దొరగారు ఎంతవరకు విడిచిరి, ఎందుకొరకు విడిచిరి అనునది ఆయన జీవితములో తెలిసికొనదగిన ముఖ్య విషయము. ఆయన బోధించిన మతమును అంగీకరించినవారికే గాక, అంగీకరింపనివారికిని అది ఆలోచింపదగినదే.

చేంబర్లేన్ గారు 1835వ సంవత్సరము ఏప్రిల్ 13వ తేదీన అమెరికా సంయుక్త రాష్ట్రములలో కనెక్టికట్ రాష్ట్రమందలి షారన్ అను ఊర జన్మించిరి. ఆయన పసితనముననే కుటుంబము ఒహాయో రాష్ట్రమునకు తరలిపోయి హడ్సన్ అను ఊర స్థిరపడెను. అప్పటికి ఆ ప్రాంతము అడవులు కొట్టి పొలములు చేసికొనుచున్న సీమ. అచ్చటనే యున్న వెస్టరన్ రిజర్వ్ కళాశాలలో చదివి 1856లో పట్టము పొందిరి. పిమ్మట న్యూ జెర్సీ రాష్ట్రమందలి న్యూ బ్రన్స్విక్ దైవశాస్త్ర విద్యాలయములో 1859 వరకు చదివి బోధకులైరి. ఆ చదువుతోపాటు వైద్యవిద్యను గూడ అభ్యసించిరి.

రెండు విద్యలు చేతనున్న యువకునికి స్వదేశమున జీవనమునకు లోటులేదు. బోధకుడుగా నుండదలచిన గుడి దొరకును. వైద్యుడుగా నుండదలచిన పేరును, ధనమును దొరకును. తన చదువు ఫలమును తాను అనుభవించుటకు ఆయనకు సంపూర్ణమైన హక్కు కలదు. ఆ హక్కును కాదనువాడు లేడు. కాని క్రైస్తవ ధర్మమున ఒక పాత ఆదర్శము కలదు. పౌలు అను అపోస్తలుడు కొరింథు పట్టణపు విశ్వాసులకు వ్రాసిన మొదటి లేఖలో, బోధకునికి తన బోధచేత జీవనము గడుపుకొను హక్కు కలదనియు, అయినను తాను ఆ హక్కును ఉపయోగించుకొనలేదనియు, వినువారికి అడ్డము రాకుండుటకై తన స్వాతంత్ర్యమును తానే తగ్గించుకొంటిననియు తెలిపియున్నాడు. హక్కు లేనివాడు విడుచుట త్యాగము కాదు. కలిగియుండి విడుచుటయే త్యాగము. ఇరువదినాలుగేండ్ల చేంబర్లేన్ గారు ఈ ఆదర్శమును తనదిగా చేసికొనిరి.

1859లోనే ఆయనకు హడ్సన్ వాస్తవ్యురాలగు షార్లెట్ బర్జ్ గారితో వివాహమయ్యెను. ఆ సంవత్సరము డిసెంబరు మాసమున దంపతులు అమెరికా తీరమును విడిచి తెరచాప ఓడనెక్కిరి. సూయజ్ కాలువ త్రవ్వకము అప్పుడే మొదలైనది. అందు ఓడలు నడచుట 1869లో గాని కాలేదు. ఆఫ్రికా ఖండమును చుట్టివచ్చు ఆ ప్రయాణమునకు నెలలు పట్టెను. 1860 ఏప్రిల్ నెలలో, వేసవి యెండలు ముదురుచుండగా, చెన్నపట్టణమున దిగిరి. మరుసటి సంవత్సరముననే వారి దేశమున ఉత్తర దక్షిణ రాష్ట్రముల నడుమ ఘోరమైన అంతర్యుద్ధము ప్రారంభమయ్యెను. కన్నవారు, తోబుట్టువులు ఎట్లున్నారో తెలిసికొనుటకు నెలల తరబడి జాబులకై ఎదురుచూడవలసిన దినములవి.

ఆయన చేరినది ఆర్కాటు మిషను. డచ్చి వలసవారి సంతతి అమెరికాలో నెలకొల్పుకొన్న రిఫార్మ్‌డ్ సంఘమునకు చెందిన ఈ మిషనును 1853లో స్కడర్ సోదరులు స్థాపించిరి. ఈ వంశమునకే చెందిన ఐడా స్కడర్ గారు తరువాతి తరమున రాయవేలూరి ఆసుపత్రిని నెలకొల్పిరి. ఆనాడు చంద్రగిరి తాలూకా ఉత్తర ఆర్కాటు జిల్లాలో నుండెను. ఆ జిల్లాకు ముఖ్యపట్టణము చిత్తూరు. మదనపల్లె కడప జిల్లాలో నుండెను. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు గాని ఈ రెండు తాలూకాలు ఒక జిల్లాలో చేరలేదు. 1856లో రాయపురము నుండి వాలాజా వరకు పొగబండి నడచుట ప్రారంభమైనను, దానికి పడమటనున్న సీమకంతటికిని ఎద్దుబండియు, గుఱ్ఱమును, కాలినడకయే ఆధారము.

మిషనువారి పనిలో అధికభాగము అరవదేశమున నుండెను. చేంబర్లేన్ గారిని తెలుగుసీమకు నియమించి, ముందుగా పలమనేరికి పంపిరి. అచ్చట ఆయన చేసిన మొదటి పని తెలుగు నేర్చుకొనుట. చదువుకొన్నవాడు మరల ఓనమాల కడ కూర్చుండుట సులభమైన పని కాదు. స్వదేశమున ధారాళముగా ఉపన్యసింపగల వ్యక్తి ఇచ్చట నాలుగు మాటలు తప్పులేక పలుకలేక, బాలురు నవ్వుచుండగా వారి నోటనుండియే మాట దిద్దుకొనవలెను. దుబాసీని పెట్టుకొని పని గడపుకొను దొరలు ఆ కాలమున ఎందరో యుండిరి. చేంబర్లేన్ గారు ఆ సౌకర్యమును వలదనుకొని తెలుగును స్వయముగా నేర్చిరి. ఆ భాషలో ఉపన్యసించుటకే గాక, గ్రంథములు వ్రాయుటకును సమర్థులైరి.

1863లో ఆయన నివాసము మదనపల్లెకు మారెను. ఆ సంవత్సరముననే ఆయన జీవితమును మార్చివేసిన దీర్ఘప్రయాణ మొకటి జరిగెను. కొందరు దేశీయ సహచరులను వెంటబెట్టుకొని, పుస్తకముల బండ్లతో, మందుల పెట్టెతో, ఆయన ఉత్తరముగా బయలుదేరి నైజాము రాజ్యము గుండ గోదావరీ తీరమువరకును, దాని కావలి మధ్యపరగణాల వరకును సంచరించిరి. మొత్తము 1,200 మైళ్ల ప్రయాణము. ఆ మార్గమునందలి ఊళ్లలో అనేకము క్రైస్తవ బోధకుని ముఖమెరుగనివి.

ఆ ప్రయాణములో జరిగిన ఒక సంఘటనను ఆయన తన గ్రంథమున వివరముగా వ్రాసియున్నారు. నైజాము రాజ్యమందలి ప్రాకారముగల ఒక పాత పట్టణమున వారు ప్రవేశించి బోధింపబూనగా, క్రొత్తమతము చెప్పవచ్చినవారని జనులకు ఆగ్రహము కలిగెను. వెంటనే ఊరు విడిచిపొమ్మని గద్దించిరి. గుంపు పెరిగెను. వీధిలో పరచియున్న రాళ్లను పెకలించి చేతులనిండ పట్టుకొని చుట్టుముట్టిరి. అట్టి సమయమున ఎవరికైనను తోచునవి రెండు: పారిపోవుట, లేదా అధికారుల రక్షణ వేడుట. ప్రాణరక్షణ ప్రతి మానవునికి గల మొదటి హక్కు గదా!

చేంబర్లేన్ గారు ఆ రెంటిని చేయలేదు. రాళ్లు రువ్వదలచినచో రువ్వవచ్చుననియు, అంతకు ముందు ఒక్క కథ చెప్పుటకు మాత్రము సెలవిమ్మనియు వారిని వేడుకొనిరి. కథ యనగానే వినుట మన ప్రజల స్వభావము. గుంపు ఒక నిమిషము తటపటాయించి అంగీకరించెను. ఆయన వారి దేవతలను దూషింపలేదు, వాదమునకు దిగలేదు. యేసుక్రీస్తు పుట్టుక మొదలుకొని, ఆయన రోగులను బాగుచేసిన విధమును, తన్ను సిలువ వేసినవారి కొరకే ప్రార్థించిన విధమును తెలుగున కథగా చెప్పిరి. కథ సాగుచుండగా ముఖములు మారెను. ముందు వరుసలో రాళ్లు పట్టుకొన్నవారే కన్నీరు తుడుచుకొనిరి. కథ ముగిసిన పిమ్మట, చెప్పవలసినది చెప్పితిని, ఇక రాళ్లు వేయవచ్చునని ఆయన తెలుపగా, రాళ్లు అదివరకే ప్రక్కన పడవేయబడియుండెను. జనులు తెచ్చిన పుస్తకములను వెలయిచ్చి కొనుక్కొనిరి.

ఈ కథను కేవలము ధైర్యమునకు నిదర్శనముగా చెప్పుకొనువారు కలరు. అందు ధైర్యము కలదు గాని, అంతకంటె గమనింపదగినది మరియొకటి కలదు. ఆయన ఆ గుంపునొద్ద వినిపించుకొను అవకాశమును మాత్రమే అడిగిరి. విన్న తరువాత ఏమి చేయవలెనో నిర్ణయించు అధికారమును వారికే విడిచిరి. వారు రాళ్లు వేసియుండవచ్చును. ఆ ప్రమాదమును ఆయన నిజముగా అంగీకరించి నిలిచిరి గనుకనే వారు ఆయన మాట వినిరి.

ఆ ప్రయాణమున మరియొక గండము గోదావరికడ ఏర్పడెను. నదిపై సర్కారు పొగపడవ వచ్చి వారిని ఎక్కించుకొనునని ఏర్పాటు జరిగియుండగా, పడవ చెడిపోయి రాలేకపోయెనని వార్త వచ్చెను. వానలు ముమ్మరముగా కురియుచుండెను. గోదావరియు దాని యుపనదులును పొంగి దారి మూసివేసెను. చుట్టును పులులు తిరుగు అడవి. ప్రొద్దు వాలుచున్నది. కూలీలు భయపడి ముందుకు సాగనొల్లకుండిరి. చేంబర్లేన్ గారు ఒంటరిగా ప్రార్థనచేసి, నదియొడ్డునకు పొమ్మని తన మనసున స్పష్టమైన ప్రేరణ కలుగగా, అందరిని ఆ దిక్కునకు నడిపించిరి. ఒడ్డున ఒక పెద్ద బల్లకట్టు ఆగియుండెను. ఎగువను కట్టుత్రాడు తెగి, నడుపువారు ఎంత ప్రయత్నించినను నిలువక, ప్రవాహమున కొట్టుకొని వచ్చి అది ఆ చోటనే ఒడ్డునకు తగులుకొనెనట. ఆ రాత్రి అందరును దానిమీదనే తలదాచుకొనిరి. ఆయన దీనిని దైవసహాయమని జీవితాంతము నమ్మిరి.

ప్రాణములు దక్కినవి గాని, ఆరోగ్యము పూర్తిగా దక్కలేదు. ఆ అడవులలో పట్టుకొన్న జ్వరము ఆయనను మరల విడువలేదు. ఆనాడు దానిని అడవిజ్వరమనెడివారు. చెడుగాలివలన వచ్చునని వైద్యులు సైతము తలచెడివారు. ఆ జ్వరములలో చాలవరకు మలేరియాయే. దానిని దోమ వ్యాపింపజేయునన్న సత్యమును రోనాల్డ్ రాస్ గారు అదే నైజాము రాజ్యమందలి సికిందరాబాదులో 1897లో గాని కనుగొనలేదు. చేంబర్లేన్ గారి జ్వరము అంతకు ముప్పదినాలుగేండ్లు ముందటిది. ఆ పిమ్మట అది తిరగబెట్టుచు దశాబ్దముల తరబడి బాధించెను. చికిత్సకును విశ్రాంతికిని పలుమారులు ఇచ్చటి పని నిలిపి స్వదేశమునకు పోవలసివచ్చెను. పోయిన ప్రతిసారియు అచ్చటనే నిలిచిపోవుటకు తగిన కారణము చేతనుండెను. ఆయన ప్రతిసారియు మరల వచ్చిరి.

మదనపల్లెలో ఆయన దినచర్య రోగులతో ప్రారంభమయ్యెడిది. పలమనేరిలోను మదనపల్లెలోను వైద్యశాలలు ఏర్పడినవి. మత్తుమందు వాడుక పాశ్చాత్య దేశములలోనే 1846 తరువాత వచ్చినది. శస్త్రచికిత్సలో గాయమును శుద్ధిగా నుంచు పద్ధతిని లిస్టర్ గారు 1867లో ప్రకటించిరి. అట్టి కాలమున ఈ కొండసీమ గ్రామములకు క్రొత్తవైద్యము అందుట సామాన్య విషయము కాదు. కలరా, మశూచి, జ్వరములు ఏటేట వచ్చిపోవుచుండెను. ఉదయమున రోగులు చేరిన పిమ్మట ముందుగా గ్రంథపఠనమును ప్రార్థనయు జరిగెడివి. పిదప చికిత్స. చికిత్స పొందుటకు మతము మారవలెనను నియమము లేదు. మందు తీసికొని, విన్నదానిని అచ్చటనే విడిచి పోయినవారే ఎక్కువ. వారు మరల వచ్చినను మరల మందు ఇచ్చిరి.

ఒక గ్రామాధికారి కథ ఈ సందర్భమున చెప్పదగియున్నది. ఆయన జబ్బుతో వైద్యశాలకు వచ్చి, స్వస్థత పొంది పోవునపుడు ఒక సువార్త గ్రంథమును వెంట తీసికొనిపోయెను. సంవత్సరములు గడచెను. చేంబర్లేన్ గారు సంచారములో ఆ యూరికి పోగా, ఆ పెద్దమనిషి అంతకుముందే కాలము చేసియుండెను. ప్రతి సాయంకాలము పని ముగిసిన పిమ్మట ఆయన ఆ పుస్తకమును తెరచి ఇరుగుపొరుగువారికి చదివి వినిపించుచుండెననియు, చివరివరకు దానిని విడువలేదనియు ఊరివారు తెలిపిరి. ఆయన పేరు ఏ సంఘపు పట్టికలోను ఎక్కలేదు. అట్టివారిని లెక్కలో చేర్చుకొనవలెనని చేంబర్లేన్ గారు తొందరపడలేదు.

గ్రంథాలయమునకు వచ్చు చదువరులు ప్రత్యేకముగా తెలిసికొనదగిన పని యొకటి ఆయన చేసిరి. మదనపల్లెలో అందరికిని ఉచితముగా ప్రవేశము గల పఠనమందిరము నొకదానిని నెలకొల్పిరి. అచ్చట పుస్తకములును పత్రికలును ఉండెడివి. అప్పుడప్పుడు ఉపన్యాసములు జరిగెడివి. ఆంధ్రదేశమున గ్రంథాలయోద్యమము వేళ్లూనుటకు ఎన్నో యేండ్లు ముందటి మాట ఇది. వీధిలో నిలిచి బోధించువాని మాట చెవిని పడక తప్పదు. పఠనమందిరమున అట్లు కాదు. పుస్తకము బల్లమీద నుండును. తెరచుటయు మూయుటయు చదువరి యిష్టము. తన విశ్వాసమును ఇతరులకు తెలుపవలెనని అంత ఆతురతగల వ్యక్తి, చదువరికి ఇంత స్వేచ్ఛనిచ్చు స్థలమును కట్టుట గమనింపదగినది.

ఆ పఠనమందిరమున ఒకనాటి ఉపన్యాసము ముగిసిన పిమ్మట, విద్యావంతుడగు ఒక బ్రాహ్మణుడు లేచి కొన్ని మాటలు చెప్ప సెలవడిగెను. తాను క్రైస్తవుడు కాడు. అయినను ఆయన ఆ సభలో చెప్పిన పోలిక పలువురి మనసులలో నిలిచెను. నిండుగా కాచిన మామిడిచెట్టుతో ఆయన ఈ బోధకులను పోల్చెను. జనులు రాళ్లును కఱ్ఱలును విసరినకొలది చెట్టు పండ్లనే రాల్చును. గాయపడినను మరుసటి యేడు మరల కాచును. వీరును అట్టివారేయని ఆయన తాత్పర్యము. వీరికి ఇట్టి ఓర్పు ఎచ్చటనుండి వచ్చుచున్నదని తాను విచారించితిననియు, వారు చదువు గ్రంథమే అందుకు మూలమని తోచుచున్నదనియు ఆయన చెప్పెను. మామిడితోపుల సీమలో పుట్టిన పోలిక గనుక అది అందరికి సులభముగా అర్థమయ్యెను.

తెలుగు బైబిలు చరిత్రలో చేంబర్లేన్ గారికి స్థానము కలదు. మూడు సువార్తల తెలుగు అనువాదము 1812లోనే సేరంపూరున ముద్రింపబడెను; క్రొత్తనిబంధన 1818లో వెలువడెను. విశాఖపట్టణమునందలి లండను మిషనువారు ఈ పనికి ఆద్యులు. తరువాత, ఆ అనువాదమును భాషాదృష్టితోను మూలదృష్టితోను సవరించుటకు వేర్వేరు మిషనులవారు కలిసి ఒక సంఘముగా ఏర్పడిరి. 1873లో చేంబర్లేన్ గారిని దానికి అధ్యక్షులుగా నియమించిరి. ఇట్టి పనిలో ఎవరి పట్టుదల వారు విడువనిదే ముందడుగు పడదు. కోస్తాసీమలో చెల్లు మాట రాయలసీమలో చెల్లకపోవచ్చును. పండితునికి రుచించు సంస్కృతపదము రైతునకు తెలియకపోవచ్చును. రైతు నోటి మాట పండితునికి తక్కువగా తోచవచ్చును. ఆత్మ, కృప, రక్షణ వంటి ప్రతి మాటకును ఈ దేశమున వేలయేండ్ల అర్థము వెనుకనున్నది. ఆయన ఆ పనిలో సుదీర్ఘకాలము పాల్గొనిరి. కీర్తనలను, ఆరాధనక్రమమును గూడ తెలుగున సమకూర్చిరి. వృద్ధాప్యమున దేహము సహకరింపకున్నను తెలుగున బైబిలు నిఘంటువు నొకదానిని సిద్ధము చేయుటకు పాటుపడిరి.

ఆయన విడిచిన హక్కులలో అన్నిటికంటె సూక్ష్మమైనది సంఘము పేరునకు సంబంధించినది. ఆయనను పంపినవారు అమెరికా దేశపు రిఫార్మ్‌డ్ సంఘమువారు; జీతమిచ్చినవారును వారే. తాము పోషించిన సంఘమునకు తమ పేరే యుండవలెనని కోరుకొనుట ఏ సంస్థకైనను సహజము. కాని స్కాట్లండు దేశపు సంఘములు ఒకచోట, హాలండు పేరుగలవి మరియొకచోట, ఆంగ్లదేశపువి ఇంకొకచోట వేర్వేరు ఫలకములు కట్టుకొనిన, ఈ దేశపు విశ్వాసికి అవి యన్నియు ఏల? ఐరోపా ఖండములో ఎన్నడో పుట్టిన తగవులను పలమనేరు రైతు ఏల మోయవలెను? ఇచ్చటి సంఘము ఇచ్చటిదే కావలెననియు, ఒక తీరుగా నమ్మువారందరును ఒకటిగా చేరవలెననియు ఆయన తన సంఘపు పెద్దలతోనే పలుమారులు వాదించిరి. అందుకై గ్రంథరూపమునను వ్రాసిరి. ఇరువదవ శతాబ్దపు తొలి సంవత్సరములలో దక్షిణదేశమున ఆర్కాటు మిషను సంఘములును స్కాట్లండువారి సంఘములును ఏకమైనప్పుడు, ఆ ఏకసభకు తొలి అధ్యక్షులుగా ఆయననే ఎన్నుకొనిరి. ఆ బాటయే విశాలమై 1908లో దక్షిణ ఇండియా ఐక్య సంఘముగాను, 1947 సెప్టెంబరు 27వ తేదీన దక్షిణ ఇండియా సంఘముగాను పరిణమించెను.

ఇంటివైపు చూచినచో, ఆ త్యాగము ఆయన ఒక్కనిది కాదు. షార్లెట్ గారు తన పుట్టినింటిని విడిచి, ఆధునిక వైద్యవసతులు లేని ఊళ్లలో సంసారము నడపిరి. ఆ కాలపు మిషనరీలు పిల్లలను చదువుకై సముద్రములు దాటించి ఏండ్ల తరబడి ఎడబాటును భరించుట సాధారణముగా నుండెను. వారి కుమారులలో విలియం, లూయిస్ అను ఇరువురు పెద్దవారై తామును ఆర్కాటు మిషనులోనే చేరిరి. విలియం గారు వేలూరి వూర్హీసు కళాశాలకు అధిపతిగా పనిచేసిరి.

గొప్పవారి చరిత్ర వ్రాయునపుడు లోపములను దాచుట వారికి గౌరవము కాదు. చేంబర్లేన్ గారు తన దేశపు చదువరుల కొరకు ఆంగ్లమున వ్రాసిన గ్రంథములు ప్రసిద్ధములు. పులుల అడవిలోని అనుభవములను చెప్పునది 1896లోను, నాగుపాము పుట్ట పేరుగలది 1900లోను వెలువడినవి. భారతదేశమున క్రీస్తు రాజ్యమును గూర్చినది ఆయన మరణించిన సంవత్సరమున ప్రకటింపబడెను. వానిలో ఈ దేశపు పూజావిధానములను గూర్చి ఆ కాలపు విదేశీయుల దృష్టితో కఠినముగా వ్రాసిన పుటలు కలవు. ఈనాటి చదువరికి అవి నొప్పి కలిగించును. అదిగాక, ఆయన ఎంత విడిచినను, తెల్లవారి ప్రభుత్వమునందు తెల్లవానికి గల మర్యాద ఆయనను వెన్నంటియే యుండెను. దానిని విడుచుట ఆయన చేతిలో లేదు. విదేశపు ధనముతో నడచు మిషనుపై ఈ దేశీయులకు అనుమానము కలుగుటయు అసహజము కాదు. కాని ఆయన మాటలలో కఠినత్వము కనిపించిన చోట్లను గూడ, ఆయన చేతలలో బలవంతము కనిపింపదు. మనిషిని అంచనావేయునపుడు రెంటిని ప్రక్కప్రక్కన నుంచి చూడవలెను.

చివరి సంవత్సరములలో ఆరోగ్యము క్షీణించి, చల్లని కూనూరు కొండలలో కొంతకాలము గడపవలసివచ్చెను. 1908వ సంవత్సరము మార్చి 2వ తేదీన, తన డెబ్బదిరెండవ యేట, మదనపల్లెలో కన్నుమూసిరి. ఈ దేశమున కాలుమోపి అప్పటికి సుమారు నలువదియెనిమిదేండ్లు.

ఆయన పోయిన తరువాత ఆ పని ఆగలేదు. 1911లో మదనపల్లెలో మేరీ లాట్ లైల్స్ ఆసుపత్రి వెలసెను. అనేక మిషనులు ఏకమై స్థాపించిన క్షయరోగ చికిత్సాలయము 1915లో ఆ పట్టణసమీపమున ఆరోగ్యవరమున నెలకొనెను. చంద్రగిరి, తిరుపతి ప్రాంతముల నుండియు క్షయరోగులు అచ్చటికి పోయి చికిత్స పొందిన కాలము కలదు. వేర్వేరు పేర్లుగల మిషనులు తమ పేర్లను ప్రక్కనబెట్టి ఒక ఆసుపత్రి కట్టుట, చేంబర్లేన్ గారు జీవితమంతయు కోరిన పద్ధతికి అనుగుణమైనదే.

హక్కుల కొరకు పోరాడవలసిన సందర్భములు లోకమున అనేకములు కలవు. ఇతరుల హక్కును కాపాడుటకై నిలువవలసిన చోట వెనుదీయుట త్యాగమనిపించుకొనదు. చేంబర్లేన్ గారు విడిచినవి తన సొంత హక్కులు: సుఖముగా బ్రతుకు హక్కు, ఆరోగ్యముగా నుండు హక్కు, తన సంఘపు పేరు నిలుపుకొను హక్కు. ఎదుటివానికి గల వినకుండు హక్కును మాత్రము ఆయన తీసివేయలేదు. ఒక మతమును గాని, ఒక సిద్ధాంతమును గాని పదుగురికి చెప్పదలచినవారు ఆ పాతపట్టణపు వీధిలో, రాళ్లు పట్టిన గుంపు నడుమ, ఒక్క కథ చెప్పుటకు సెలవడిగి నిలిచిన ఆ మనిషిని ఒకసారి తలచుకొనుట మేలు.